చల్లారాక చూస్తే సరిపోతుందా, వేడిలోనే చూడాలా: సిరామిక్ ఫేజ్ మార్పులకు ఏ పద్ధతి ఎంచుకోవాలి?

మా ల్యాబ్‌కి శాంపిల్ డబ్బా పట్టుకొచ్చే వాళ్లలో చాలామంది మొదటి మాట ఒకటే. "సార్, దీన్ని 1200 డిగ్రీల దగ్గర ఎక్స్‌ఆర్‌డీ తీయాలి." ఎందుకని అడిగితే, "ఫేజ్ మారుతుందో లేదో చూడాలి కదా" అంటారు. (ఫేజ్ అంటే పదార్థంలో పరమాణువులు పేర్చుకున్న తీరు. ఎక్స్‌ఆర్‌డీ అంటే ఎక్స్‌రేలు పంపి ఆ తీరుని గుర్తించే పరీక్ష.) అప్పుడు నేనడిగేది ఒక్కటే: "ఆ మార్పు చల్లారాక నిలుస్తుందా, వెనక్కి పోతుందా?"

దీనికి జవాబు తెలిస్తే ఎంపికలో సగం పని అయిపోయినట్టే. చల్లారినా నిలిచే మార్పుకి హై టెంపరేచర్ ఎక్స్‌ఆర్‌డీ కోసం నెలల తరబడి క్యూలో నిలబడక్కర్లేదు. మామూలు మఫుల్ ఫర్నేస్‌లో కాల్చి, బయటికి తీసి, గది ఉష్ణోగ్రతలో ఎక్స్‌ఆర్‌డీ తీస్తే చాలు. వెనక్కి పోయే మార్పైతే మాత్రం ఎంత మంచి ఫర్నేస్ ఉన్నా లాభం లేదు. వేడిలో ఉండగానే చూడాలి. (ఇందులో ఉష్ణోగ్రతలన్నీ సెల్సియస్‌లోనే.)

ద్వారకా తిరుమల చుట్టుపక్కల తవ్వే బంకమట్టినే తీసుకోండి. అందులోని కయోలినైట్ 500, 600 డిగ్రీల మధ్య తన నిర్మాణంలో ఇరుక్కున్న నీటిని వదిలేస్తుంది. స్వచ్ఛమైన కయోలినైట్ అయితే బరువులో దాదాపు 14 శాతం పోతుంది. 980 దగ్గర ఒక్కసారిగా వేడిని బయటికి కక్కి, లోపలి అమరికను మార్చుకుంటుంది. 1200 దాటాక ముల్లైట్ అనే ఖనిజపు సూదులు బాగా పెరుగుతాయి. ఫైర్‌బ్రిక్‌కి వేడిలో గట్టిగా నిలబడే గుణం ఎక్కువగా ఈ సూదుల వల్లే వస్తుంది. ఇందులో ఏదీ వెనక్కి పోదు. కాల్చిన కుండ మళ్లీ మట్టి అవ్వదు కదా.

జిర్కోనియా సంగతి వేరు. శ్రీకాకుళం, భీమిలి తీరపు ఇసుకలో ఉండే జిర్కాన్ నుంచి తీయగలిగే తెల్ల పొడి ఇదే. గది ఉష్ణోగ్రతలో ఇది మోనోక్లినిక్. (మోనోక్లినిక్, టెట్రాగోనల్, క్యూబిక్ అన్నవి స్ఫటికం అమరికలో మూడు రూపాల పేర్లు.) సుమారు 1170 దగ్గర టెట్రాగోనల్ అవుతుంది, 2370 దగ్గర క్యూబిక్ అవుతుంది, 2700 చుట్టుపక్కల కరుగుతుంది. చల్లారేటప్పుడు మాత్రం 1170 దగ్గరే తిరిగి మారదు. 950 చుట్టుపక్కలకి దిగాక మోనోక్లినిక్ అవుతుంది, అప్పుడు ఘనపరిమాణం 4, 5 శాతం ఉబ్బుతుంది. శుద్ధ జిర్కోనియాతో ఇటుక చేసి కాలిస్తే కొలిమిలోంచి ముక్కలై బయటికి రావడానికి కారణం ఈ ఉబ్బే. ఇట్రియా, మెగ్నీషియా, కాల్షియం ఆక్సైడ్ లాంటివి కలిపి దాన్ని ‘స్టెబిలైజ్’ చేసేది కూడా అందుకే.

"నీళ్లలో ముంచి క్వెంచ్ చేస్తే టెట్రాగోనల్ అలాగే ఉండిపోదా సార్?" అని అడుగుతారు. ముతక రేణువులున్న శుద్ధ జిర్కోనియాలో ఉండిపోదు. ఇది పరమాణువులు ఒక్కొక్కటిగా దారి వెతుక్కుంటూ కొత్త చోటికి చేరే మార్పు కాదు. వరుసలకి వరుసలే ఒక్కసారి ఒరిగిపోతాయి. ఉక్కుని కాల్చి నీళ్లలో ముంచితే వచ్చే మార్టెన్‌సైట్ మార్పు లాంటిదే ఇది. దీన్ని మీ బకెట్ నీళ్లు ఆపలేవు. రేణువు సైజు 30 నానోమీటర్ల లోపు ఉన్నా, స్టెబిలైజర్ కలిసి ఉన్నా కథ మారుతుంది. అప్పుడు గది ఉష్ణోగ్రతలో కూడా టెట్రాగోనల్ కనిపిస్తుంది. అందుకే శాంపిల్ ఇచ్చే ముందు రేణువు సైజెంతో, ఏం కలిపారో రాసివ్వమని బతిమాలుతుంటాం.

ముందు చవకైన దారి

కాల్చి, చల్లార్చి చూడటాన్ని చాలామంది చిన్నచూపు చూస్తారు. ‘ఇన్-సిటు’ (మార్పు జరుగుతుండగానే చూడటం) అన్న మాట ఉంటే పేపర్‌కి బరువొస్తుందని నమ్మకం. నాకు మాత్రం ఈ పాత పద్ధతి మీదే గౌరవం ఎక్కువ, ముఖ్యంగా నెమ్మదిగా జరిగే మార్పుల విషయంలో.

ఉదాహరణకి గ్యాస్ టర్బైన్ బ్లేడ్ల మీద వేసే జిర్కోనియా పూత. హైదరాబాద్‌లో ఇలాంటి పూతల మీద పనిచేసే వాళ్లు కొత్తేం కాదు. బాలాపూర్‌లో ఏఆర్‌సీఐ, కంచన్‌బాగ్‌లో డీఎంఆర్‌ఎల్ అనే పరిశోధన సంస్థలున్న ఊరు ఇది. ఆ పూతలో బరువు లెక్కన 6 నుంచి 8 శాతం ఇట్రియా ఉంటుంది. ప్లాస్మాలో కరిగి, బ్లేడు మీద పడి చటుక్కున గడ్డకట్టడం వల్ల అందులో టీ-ప్రైమ్ అనే ప్రత్యేకమైన టెట్రాగోనల్ రూపం వస్తుంది. 1200 డిగ్రీలు దాటిన చోట గంటల తరబడి ఉంచితే అది మెల్లగా రెండుగా విడిపోతుంది. ఇట్రియా తక్కువున్న టెట్రాగోనల్ ఒకటి, ఇట్రియా ఎక్కువున్న క్యూబిక్ ఇంకొకటి. చల్లారేటప్పుడు ఆ తక్కువ ఇట్రియా భాగం మోనోక్లినిక్‌గా మారి ఉబ్బుతుంది. పూత పొరలుగా లేచిపోయే ప్రమాదం అక్కడుంది.

దీన్ని వేడిలోనే చూస్తానని ఎక్స్‌ఆర్‌డీ యంత్రాన్ని వంద గంటలు ఆక్రమిస్తే మిగతా వాళ్లు మిమ్మల్ని తిట్టుకోవడం ఖాయం. పది ముక్కలు కోసి, ఒకే ఫర్నేస్‌లో పెట్టి, 1 గంటకి ఒకటి, 5 గంటలకి ఒకటి, 20 గంటలకి ఒకటి, అలా 100 గంటల దాకా ఒక్కొక్కటీ తీస్తే సరిపోతుంది. ఫర్నేస్ కరెంటు ఖర్చు, ఓపిక, అంతే. ఒక్కటి మర్చిపోవద్దు. తీసిన ముక్కని ఎలా చల్లార్చారో రాసి పెట్టుకోండి. గాలిలో పెట్టినదానికీ, ఫర్నేస్‌లోనే రాత్రంతా వదిలేసినదానికీ మోనోక్లినిక్ వాటాలో తేడా రావచ్చు.

డైలటోమీటర్, డీఎస్‌సీ: ఏది ముందు?

వెనక్కి పోయే మార్పు అని తేలింది, లేదా తేలలేదు, అనుమానం ఉంది. అప్పుడు నేరుగా ఎక్స్‌ఆర్‌డీకి పరిగెత్తకుండా ఈ రెండిట్లో ఒకటి చేయించండి. ఏ ఉష్ణోగ్రత దగ్గర వెతకాలో తెలియకుండా ఎక్స్‌ఆర్‌డీకి వెళ్లడమంటే ఊరి పేరు తెలియకుండా బస్సెక్కినట్టే.

శాంపిల్‌ని వేడిచేస్తూ అది ఎక్కడ వేడిని పీల్చుకుందో, ఎక్కడ వదిలిందో కొలిచేది డీఎస్‌సీ. దానికి 20, 30 మిల్లీగ్రాముల పొడి చాలు. ఒక్క పూటలో రన్ అయిపోతుంది. బరువు కూడా కొలిచే యంత్రమైతే నీరు పోయిందా, కార్బొనేట్ విరిగిందా, నిజంగా ఫేజ్ మారిందా అన్నది విడదీయొచ్చు. బరువు తగ్గకుండా వేడి పీక్ (గీతలో శిఖరం) వస్తే అది నిర్మాణంలో మార్పని అనుమానించాలి. ఈ దారికి పునాది వేసినాయన ఫ్రాన్స్‌కి చెందిన లె షాటెలియె. 1887లోనే ఆయన థర్మోకపుల్ (ఉష్ణోగ్రత కొలిచే తీగల జత) పెట్టి, బంకమట్టి వేడెక్కే తీరుని బట్టి మట్టి రకాలను గుర్తించే ప్రయత్నం చేశారు. జిర్కోనియా మార్పులో మోల్‌కి దాదాపు 6 కిలోజౌల్స్ వేడి ఇమిడి ఉంటుంది కాబట్టి పీక్ స్పష్టంగానే దొరుకుతుంది. కానీ వాకిట్లో ఏదో చప్పుడైందని చెప్పడం వరకే డీఎస్‌సీ పని. వచ్చిందెవరో మీరే తలుపు తీసి చూసుకోవాలి. 1400 దాటాక బేస్‌లైన్ కూడా వంకర్లు తిరుగుతుంది, చిన్న పీకుల్ని నమ్మలేం.

శాంపిల్ పెట్టే చిన్న గిన్నె, అంటే క్రూసిబుల్ విషయంలో ఒక హెచ్చరిక. ఒకసారి ఎవరో ఫారంలో ‘అల్యూమినా పొడి’ అని రాసి శాంపిల్ పంపారు. అందులో సిలికాన్ కార్బైడ్, కొంచెం విడి సిలికాన్ కూడా ఉన్నాయని తర్వాత తెలిసింది. ప్లాటినం, సిలికాన్ కలిస్తే వెయ్యి డిగ్రీల లోపే కరిగే మిశ్రమం తయారవుతుంది. మా ప్లాటినం క్రూసిబుల్ అడుక్కి చిల్లు పడింది, కింద ఉన్న సెన్సర్‌కి అంటుకుంది. ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. సిలికాన్, కార్బన్, ఫాస్ఫరస్, సీసం, లోహపు పొడులు ఏవున్నా ముందే చెప్పండి, అల్యూమినా క్రూసిబుల్ వాడతాం.

డైలటోమీటర్ ఇంకా మొరటు యంత్రం, అందుకే నాకు ఇష్టం. సాధారణంగా 25 మిల్లీమీటర్ల కడ్డీ కోసి పెడతాం. ఒక అల్యూమినా రాడ్డు దాన్ని మెల్లగా నొక్కుతూ ఎంత సాగిందో, ఎంత ముడుచుకుందో కొలుస్తుంది. 1500, 1600 దాకా పోవచ్చు. ఇటుకలు, లైనింగ్ చేసేవాళ్లకి నిజంగా కావలసిన అంకె ఇదే. ఫేజ్ పేరేదైతే వాళ్లకేం? ఎంత ఉబ్బుతుంది, ఎక్కడ ఉబ్బుతుంది అన్నదే ముఖ్యం.

దీనికి మంచి ఉదాహరణ సిలికా ఇటుక. సిలికా రూపాల్లో క్వార్ట్జ్ 573 దగ్గర రూపం మారుస్తుంది. క్రిస్టోబలైట్ 200, 270 మధ్య మారుస్తుంది, అది ఇంకా పెద్ద కుదుపు. అయితే 700 దాటాక సిలికా ఇటుక గీత దాదాపు అడ్డంగా పోతుంది, ఇక పెద్దగా సాగదు. విశాఖ స్టీల్ ప్లాంట్‌లో ఉన్న 7 మీటర్ల ఎత్తు బ్యాటరీల్లాంటి (ఓవెన్ల వరుసల్లాంటి) కోక్ ఓవెన్ల గోడలకి సిలికా ఇటుకే వాడటానికి ఇదొక కారణం. మొదటిసారి వారాల తరబడి మెల్లగా వేడెక్కించి, ఆ తర్వాత ఏళ్ల తరబడి చల్లారనివ్వకుండా నడుపుతారు. ఒక్కసారి చల్లారనిచ్చారా, ఆ 573, ఆ 200 మెట్లు మళ్లీ దిగాలి, గోడ బీటలిస్తుంది. ఈ విషయం అర్థం కావడానికి డైలటోమీటర్ గీత ఒక్కటి చాలు.

శుద్ధ జిర్కోనియా కడ్డీ పెడితే 1170 చుట్టుపక్కల గీత ఒక్కసారి కిందికి దిగుతుంది, చల్లార్చేటప్పుడు పైకి లేస్తుంది. రెండూ ఒకే ఉష్ణోగ్రతలో ఉండవు. ఆ మధ్య ఖాళీనే మీరు వెతికే హిస్టెరిసిస్. కానీ ఆ కడ్డీ లోపలే పగిలితే, పగుళ్ల వల్ల వచ్చిన పొడవుని కూడా యంత్రం ‘వ్యాకోచం’ అనే చూపిస్తుంది. పొడి శాంపిల్ మాత్రమే ఉంటే డైలటోమీటర్ ఊసెత్తొద్దు.

కాబట్టి పొడి అయితే డీఎస్‌సీ, కోసిన ఇటుక అయితే డైలటోమీటర్. ఇంత తేలిక ఎంపికకి ఇన్ని మాటలు ఎందుకంటే, రెండూ ఉన్న చోట కూడా జనం ఏది పేరు గొప్పగా వినిపిస్తే అది అడుగుతారు.

హై టెంపరేచర్ ఎక్స్‌ఆర్‌డీ నిజంగా కావలసినప్పుడు

ఏ ఫేజ్ ఎంత వాటా ఉంది, స్ఫటికం ఏ దిక్కున ఎంత సాగింది అన్నవి వేడిలో ఉండగానే తెలియాలంటే ఇదే సరైన దారి. ఇది కొత్త విద్య కాదు. జర్మనీలో రఫ్, ఎబర్ట్ అనే ఇద్దరు 1929లోనే జిర్కోనియాని వేడి చేస్తూ ఎక్స్‌రేలతో టెట్రాగోనల్ రూపాన్ని చూశారు.

జిర్కోనియాకి ఇంకో సుళువుంది. రాగి ట్యూబు ఎక్స్‌రేలతో మోనోక్లినిక్ పీకులు 28.2, 31.5 డిగ్రీల దగ్గర (ఇవి కోణం డిగ్రీలు, ఉష్ణోగ్రత కాదు), టెట్రాగోనల్ పీక్ 30.2 దగ్గర వస్తాయి. 27 నుంచి 33 దాకా చిన్న ముక్క స్కాన్ చేస్తే చాలు, ఒక్కో ఉష్ణోగ్రతకి కొన్ని నిమిషాల్లో అయిపోతుంది. పీకుల బలాన్ని పోల్చి మోనోక్లినిక్ వాటా లెక్కకట్టే గార్వీ–నికల్సన్ సూత్రం 1972 నుంచి వాడుకలో ఉంది. వేడికి స్ఫటికం సాగుతుంది కాబట్టి పీకులు కొంచెం ఎడమకి జరుగుతాయి, కంగారు పడొద్దు. టెట్రాగోనలా, క్యూబికా అన్న తగువు తీరాలంటే మాత్రం ఈ చిన్న స్కాన్ చాలదు. 72 నుంచి 76 దాకా నెమ్మదిగా స్కాన్ చేయాలి. అక్కడ కూడా పీకులు ఒకదాని మీద ఒకటి పడితే రామన్ (లేజర్ కాంతితో ఫేజ్ గుర్తించే పద్ధతి) దగ్గరికి వెళ్లాలి.

యంత్రం అడిగేటప్పుడు హీటర్ ఏ రకమో కనుక్కోండి. ప్లాటినం పట్టీ మీద పొడి పరిచే రకం 1500, 1600 దాకా పోతుంది, త్వరగా వేడెక్కుతుంది, త్వరగా చల్లారుతుంది. కానీ థర్మోకపుల్ పట్టీ కింద ఉంటుంది, ఎక్స్‌రే పడేది పొడి పైన. పొడి మందంగా పరిస్తే ఆ రెండిటి మధ్య పదుల డిగ్రీల తేడా వస్తుంది. ‘1170లో మారాల్సింది మాకు 1210లో మారింది, కొత్త విషయం కనుక్కున్నాం’ అని సంబరపడిన పిల్లల్ని చూశాను. పొర పలచగా పరిచి మళ్లీ తీస్తే ఆ కొత్త విషయం కాస్తా మాయమైంది. చుట్టూ కొలిమిలా ఉండే రకంలో ఉష్ణోగ్రత సమంగా ఉంటుంది కానీ అవి సాధారణంగా 1200 దగ్గరే ఆగిపోతాయి. జిర్కోనియాకి అది సరిగ్గా గుమ్మం దగ్గర నిలబెట్టినట్టు ఉంటుంది. మీ మార్పు 1000 లోపే అయితే కొలిమి రకమే తీసుకోండి, ఆలోచించకండి.

పట్టీ కూడా వేడికి సాగి కొంచెం లేస్తుంది, శాంపిల్ ఎత్తు మారుతుంది, దాంతో పీకులు జరుగుతాయి. ఆ జరగడం స్ఫటికం సాగడం వల్ల కాదు. 39.8 దగ్గరుండే ప్లాటినం పీక్‌ని చాలామంది చెత్తలా చూస్తారు. నిజానికి అది మీకు ఉచితంగా దొరికిన థర్మామీటరు. ప్లాటినం ఎంత వేడికి ఎంత సాగుతుందో బాగా తెలుసు కాబట్టి దాంతో పట్టీ అసలు ఉష్ణోగ్రత అంచనా వేయొచ్చు. బంగారం 1064 దగ్గర కరగడం, క్వార్ట్జ్ 573 దగ్గర మారడం కూడా సరిచూసుకోవడానికి పనికొస్తాయి.

ఇంకో చిక్కు ఉంది. మీ సన్నటి పొడి 1200 దగ్గర గంటసేపుంటే రేణువులు ఒకదానికొకటి అతుక్కుని పెరుగుతాయి. రెండోసారి వేడిచేసేటప్పుడు అది మీరు తెచ్చిన పొడి కాదు. అందుకే మొదటి సైకిల్, రెండో సైకిల్ ఫలితాలు కలపకుండా వేరువేరుగా రాయండి.

టంగ్‌స్టన్ హీటర్‌తో 2000 దాటొచ్చని చెబితే ఆశపడకండి. అది గాలిలో పనిచేయదు, వాక్యూమ్ కానీ జడ వాయువు కానీ కావాలి. అక్కడ జిర్కోనియా ఆక్సిజన్ కోల్పోయి నల్లబడుతుంది. అప్పుడు మీరు చూస్తున్నది మీ కొలిమిలో ఉండే పదార్థాన్ని కాదు.

మిగతావి, క్లుప్తంగా

రామన్‌లో చిన్న చుక్క చాలు, ఒక పగులు పక్కన ఏ ఫేజ్ ఉందో చెప్పేస్తుంది. మోనోక్లినిక్‌కి 178, 190 దగ్గర (ఇవి రామన్ అంకెలు, సెం.మీ.⁻¹లో) జంట పీక్, టెట్రాగోనల్‌కి 147, 260 చుట్టుపక్కల పీకులు. కానీ వెయ్యి డిగ్రీలు దాటాక శాంపిల్ తానే దీపంలా వెలుగుతుంది, ఆకుపచ్చ లేజర్ సంకేతం అందులో మునిగిపోతుంది. నీలం లేదా అతినీలలోహిత లేజర్ లేకపోతే వేడి రామన్ జోలికి పోవద్దు.

వేడి చేస్తూ టీఈఎంలో (ఎలక్ట్రాన్ పుంజం పంపి చూసే మైక్రోస్కోప్‌లో) చూడటం అద్భుతంగా ఉంటుంది, సరిహద్దులు కదలడం కళ్లారా చూడొచ్చు. అయితే అంత పలచటి పొర మీ ఇటుకలా ప్రవర్తించదు. చుట్టూ నొక్కిపట్టే పదార్థం లేని రేకు వేరే ఉష్ణోగ్రతలో మారుతుంది, ఎలక్ట్రాన్ పుంజం కూడా దాన్ని కదిలిస్తుంది. మార్పు ఎలా జరుగుతుందో చెప్పడానికి వాడండి, ఎప్పుడు జరుగుతుందో చెప్పడానికి వాడకండి.

హాట్ స్టేజ్ మైక్రోస్కోప్ మెత్తబడటం, కరగడం చూపిస్తుంది. గ్లేజ్ చేసేవాళ్లకి, బూడిద లైనింగ్‌ని తినేస్తోందని బాధపడేవాళ్లకి అది మంచిది. ఫేజ్ గురించి అది మాట్లాడదు.

ఇక ఇండోర్‌లోని ఇండస్-2 సింక్రోట్రాన్ (చాలా బలమైన ఎక్స్‌రేలు ఇచ్చే యంత్రం), ట్రాంబేలోని ధ్రువ రియాక్టర్ న్యూట్రాన్లు. మార్పు చాలా వేగంగా జరుగుతున్నా, అతి చిన్న వాటా పట్టుకోవాలన్నా సింక్రోట్రాన్ కాంతి కావాలి. జిర్కోనియం పక్కన ఆక్సిజన్ ఎటు జరిగిందో తెలియాలంటే న్యూట్రాన్లు కావాలి. బరువైన జిర్కోనియం నీడలో ఎక్స్‌రేలకి తేలికైన ఆక్సిజన్ సరిగా కనిపించదు, న్యూట్రాన్లకి ఆ ఇబ్బంది లేదు. వాటికి గ్రాముల కొద్దీ శాంపిల్ కావాలి. ప్రపోజల్ రాసి, సమయం వచ్చేదాకా ఎదురుచూడాలి. 2370 దగ్గరి క్యూబిక్ మార్పు చూడాలన్న పట్టుదల ఉంటే గిన్నె అనేదే పనికిరాదు. గాలి ఊదుతూ చిన్న గోళీని తేల్చి, లేజర్‌తో వేడిచేస్తూ ఎక్స్‌రేలు పంపుతారు. అమెరికాలో ఆర్గాన్ ల్యాబ్ సింక్రోట్రాన్ దగ్గర అలాంటి ఏర్పాటుంది. ఎం.టెక్ థీసిస్‌కి అంత దూరం పోనక్కర్లేదు.

డబ్బు, సమయం రెండూ తక్కువైతే నేనిచ్చే సలహా: జిర్కోనియా పొడికి ఒక డీఎస్‌సీ రన్, ఆ పీక్ చుట్టూ 50 డిగ్రీల అటూ ఇటూ మాత్రమే హై టెంపరేచర్ ఎక్స్‌ఆర్‌డీ. ఫైర్‌బ్రిక్‌కి డైలటోమీటర్, ఆపై కాల్చి చల్లార్చిన ముక్కల మీద మామూలు ఎక్స్‌ఆర్‌డీ. డీఎస్‌సీని నిమిషానికి 10 డిగ్రీల చొప్పున, డైలటోమీటర్‌ని 3 నుంచి 5 చొప్పున నడుపుతారు, ఎక్స్‌ఆర్‌డీ మెట్టుమెట్టుకీ ఆగుతుంది. మూడిట్లో ఒకే మార్పు మూడు ఉష్ణోగ్రతల దగ్గర కనిపిస్తే యంత్రాలు చెడిపోయాయనుకోకండి.

ఫారం నింపేటప్పుడు చల్లార్చే దశ కూడా కొలవమని తప్పకుండా రాయండి. ఎక్కువమంది పైకి ఎక్కేటప్పటి డేటా మాత్రమే అడుగుతారు. రన్ పూర్తవగానే ఆపరేటర్ హీటర్ ఆపేసి టీకి వెళ్లిపోతాడు. జిర్కోనియా ఉబ్బేది, ఇటుక పగిలేది అతను టీ తాగుతున్న ఆ పది నిమిషాల్లోనే.